బుట్ట అల్లినవాడికి తెలుసు

1675 సెప్టెంబరు 10. బోస్టన్ పట్టణం. రాత్రి తొమ్మిది గంటలు. కెప్టెన్ జేమ్స్ ఆలివర్ ఇంటి ముందు ముప్పై నలభై మంది గుమిగూడారు. జైలు తలుపులు పగలగొడదాం, లోపలున్న ఇండియన్లలో, అంటే అక్కడి ఆదివాసుల్లో, ఒకణ్ని ఈ రాత్రే ఉరి తీసేద్దాం, మీరు ముందు నడవండి అని అడగడానికి వచ్చారు. ఆలివర్ తమ పక్షమే అనుకున్నారు. ఆయన చేతికర్ర అందుకుని వచ్చినవాళ్లను వాయించి తరిమేశాడు.

ఆ జైల్లో ఉన్నవాళ్లలో ఒకడి పేరు జేమ్స్. నిప్మక్ తెగ మనిషి, తల్లిదండ్రులు పెట్టిన పేరు వవౌస్. ఆగస్టు 30న మోస్లీ అనే కెప్టెన్ మార్ల్‌బరో దగ్గర అతన్నీ మరికొందరినీ పట్టుకున్నాడు. చేతులు విరిచికట్టి, తాడుతో మెడకు మెడ కలిపి బోస్టన్ దాకా నడిపించుకొచ్చాడు. లాంకాస్టర్ గ్రామంలో ఇంగ్లీషువాళ్లను చంపింది మీరేనన్నాడు. ఆ హత్యలు జరిగింది ఆదివారం. ఆ రోజంతా వీళ్లు ప్రార్థనలో ఉన్నారు. కానీ యుద్ధం మొదలైపోయింది. ఆ ఏడాది బోస్టన్‌లో ఇండియన్ మాట వినే ఓపిక ఎవరికీ లేదు.

ఆ జేమ్స్ చేతులు 16 ఏళ్లుగా సిరాలో, సీసంలో నలిగిన చేతులు. అమెరికా గడ్డ మీద అచ్చయిన మొట్టమొదటి బైబిలుకు అక్షరాలు కూర్చిన చేతులు. ఆ బైబిలు ఇంగ్లీషుది కాదు, అక్కడి ఆదివాసుల భాషది. తాడు కట్టినవాళ్లూ అదే దేవుణ్ని కొలిచేవాళ్లే.

ఈ కథలోని తేదీలూ సంఘటనలూ నాటివాళ్లు రాసిపెట్టినవి. మనసులో మాటలు మాత్రం ఒకటి రెండు చోట్ల నేను ఊహించుకున్నాను. ఆ చోట్లు అక్కడే చెబుతాను.

*

కథ మొదలవడానికి 29 ఏళ్లు వెనక్కి పోవాలి. 1646 అక్టోబరు 28. బోస్టన్‌కు కొద్ది మైళ్ల దూరంలో నోనాంటమ్ అనే చోట వాబన్ అనే పెద్దమనిషి గుడిసె. చెట్టు బెరడూ చాపలూ కప్పిన ఆ ఇంట్లో ఆడా మగా పిల్లా పీచూ కూర్చున్నారు. రాక్స్‌బరీ చర్చి పాస్టరు జాన్ ఎలియట్ వాళ్ల భాషలోనే మాట్లాడుతున్నాడు. వయసు నలభై దాటింది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి చదువు చదివి, 1631లో ఓడెక్కి వచ్చినవాడు. నెల రోజుల ముందు వేరేచోట ఇలాగే మాట్లాడబోతే ఎవరూ చెవిన పెట్టలేదు. ఈసారి విన్నారు. విని ప్రశ్నలు వేశారు. ప్రసంగమూ ప్రశ్నలూ కలిపి మూడు గంటలు పట్టింది.

అందులో ఒక ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మేం మా భాషలో ప్రార్థన చేస్తే దేవుడికి అర్థమవుతుందా అని ఒకతను అడిగాడు.

అడిగింది అమాయకంగా కాదు. వాళ్లు చూసిన ఇంగ్లీషువాళ్లంతా దేవుడితో ఇంగ్లీషులోనే మాట్లాడారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, పాట ఇంగ్లీషులో ఉంది. అలాంటప్పుడు ఆ దేవుడు ఇంగ్లీషువాడే అనుకోవడంలో తప్పేముంది? తన భాషలో లేఖనం లేని ప్రతి జాతికీ లోపల ఎక్కడో ఈ ప్రశ్న ఉంటుంది. పైకి అడిగేవాళ్లు తక్కువ.

ఎదురుగా వాళ్లు అల్లుకున్న బుట్ట ఒకటి ఉంది. నల్లవీ తెల్లవీ గడ్డిపోచలు కలిపి అల్లింది. ఆ బుట్టను చూపించి ఇంగ్లీషువాళ్లు జవాబు చెప్పారు. దీంట్లో ఏమేం కలిపారో బయటివాడికి తెలియదు, అల్లినవాడికి తెలుసు. మనుషుల్ని చేసినవాడికి మనుషుల మాటలూ అలాగే తెలుసు అన్నారు. దేవుడి గురించి చెప్పిన ఆ పోలిక భాషకూ వర్తిస్తుందని ఎలియట్‌కు ఆ రోజు తట్టిందో లేదో. ఆ భాషలో ఏ పోచ ఎక్కడ ఉందో తెలిసినవాళ్లు ఆ గుడిసెలో కూర్చున్నవాళ్లే. ఎలియట్ బయటివాడు.

అతనికి ఆ భాష నేర్పిన మొదటి గురువు ఒక బందీ. పేరు కాకెనో. లాంగ్ ఐలాండ్ ద్వీపం కుర్రాడు. 1637 నాటి పీక్వాట్ యుద్ధంలో పట్టుబడి, డార్చెస్టర్‌లో ఒక ఇంగ్లీషు ఇంట్లో పనివాడుగా ఉన్నాడు. చురుకైనవాడనీ, స్పష్టంగా పలికేవాడనీ, అతని దగ్గరే మాటలు నేర్చుకున్నాననీ ఎలియట్ తన వ్యాకరణంలో చెప్పుకున్నాడు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన ఇద్దరూ కూర్చుని తర్జుమా చేశారు. ఇక్కడ నాకు మన గిడుగు రామమూర్తి పంతులు గుర్తొస్తాడు. పర్లాకిమిడిలో ఆయన సవర నేర్చుకున్నది తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకునే. పంతులూ పాస్టరూ ఇద్దరూ మొదట శిష్యులుగా కూర్చున్నారు.

ప్రభువు ప్రార్థన మొదటి మాట దగ్గరే చిక్కు వస్తుంది. ఇంగ్లీషులో ‘మా’కూ ‘మన’కూ ఒకటే మాట. తెలుగులో అలా కాదు. ఎదుటి మనిషిని కలుపుకుంటే ‘మన’, వదిలేస్తే ‘మా’. దేవుణ్ని ‘మన తండ్రీ’ అని పిలిస్తే ఆ ‘మన’లో దేవుడూ చేరిపోతాడు, ఆయనకూ ఒక తండ్రి ఉన్నట్టవుతుంది. అందుకే మనం ‘మా తండ్రీ’ అంటాం, ఆలోచించకుండా అంటాం. కాకెనో భాషలోనూ సరిగ్గా ఇదే తేడా ఉంది. ‘న’ శబ్దంతో మొదలైతే మా, ‘క’ శబ్దంతో మొదలైతే మన.

వాళ్లిద్దరూ ఆ మాట దగ్గర కూర్చున్న సాయంత్రాన్ని నేను ఊహించుకున్నాను.

“‘కూషున్’ అని రాసుకున్నాను, సరేనా?”

“ఎవరితో అంటున్నారయ్యా ఆ మాట?”

“దేవుడితోనే.”

“అయితే ‘నూషున్’ అనాలి. ‘కూషున్’ అంటే ఆయన్ని కూడా మనలో కలిపేసినట్టు.”

ఈ సంభాషణ నేను కల్పించింది. కానీ తర్వాత అచ్చయిన పుస్తకంలో ఉన్న మాట ‘నూషున్’. కేంబ్రిడ్జి చదువులో ఇంగ్లీషూ లాటినూ గ్రీకూ ఏవీ చెప్పలేని తేడా అది. ఎవరో ఒకరు చెప్పి ఉండాలి, చెప్పగలిగినవాళ్లు ఆ భాషవాళ్లే.

*

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1649 జనవరిలో ఇంగ్లండ్‌లో రాజు తల నరికారు. ఆ ఏడే జులై 27న పార్లమెంటు ఒక చట్టం చేసింది, న్యూ ఇంగ్లండ్‌లో సువార్త వ్యాప్తికి ఒక సంస్థ పెట్టమని. ఊరూరా చర్చిల్లో చందాలు పట్టారు. ఈ డబ్బు నిజంగా ఇండియన్లకు చేరుతుందా అని అనుమానించినవాళ్లూ ఉన్నారు. అయినా వచ్చింది. వచ్చినదాంతో భూములు కొని, వాటి మీద రాబడి ఏటా పంపే ఏర్పాటు చేశారు. 1660లో రాచరికం తిరిగి రావడంతో ఆ చట్టం చెల్లకుండా పోయింది. 1662లో కొత్త రాజు చార్టరు ఇచ్చాడు. సంస్థకు గవర్నరు అయినవాడు రాబర్ట్ బాయిల్. మనం హైస్కూల్లో చదువుకున్న వాయువుల బాయిల్ నియమం ఆయనదే.

ఆ డబ్బుతోనే లండన్ నుంచి ఓడల్లో కాగితం వచ్చింది, అచ్చు అక్షరాలు వచ్చాయి, 1660లో మార్మడ్యూక్ జాన్సన్ అనే అచ్చుపనివాడు వచ్చాడు. మూడేళ్ల ఒప్పందం, ఏడాదికి 40 పౌండ్ల జీతం, తిండీ బసా అదనం. అమెరికాలోని కేంబ్రిడ్జిలో అప్పటికే శామ్యూల్ గ్రీన్ ప్రెస్సు నడుపుతున్నాడు. హార్వర్డ్ కళాశాల ఆవరణలో ఇండియన్ విద్యార్థుల కోసం కట్టిన ఇటుకల భవనంలోకి ప్రెస్సు చేరింది. అంతకు ముందే, 1659లో, గ్రీన్ దగ్గర పని నేర్చుకోవడానికి హస్సనమెసిట్ ఊరి నుంచి ఒక కుర్రాడు కుదిరాడు. వయసు ఇరవైకి అటూ ఇటూ. వాళ్లన్న టుకపెవిలిన్ ఆ ఊళ్లో బోధకుడు. కుర్రాడు ఇంగ్లీషు చదవడం రాయడం నేర్చినవాడు. పనే అతనికి పేరైంది. మన ఊళ్లలో కరణీకం చేసినవాళ్లకు కరణం ఇంటిపేరైనట్టు, వవౌస్ జేమ్స్ ప్రింటర్ అయ్యాడు.

చేత్తో అక్షరాలు కూర్చడం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. మన పట్టణాల్లోనూ నిన్నమొన్నటిదాకా ఈ పని ఉండేది, పాతకాలం కంపోజిటర్లను అడిగితే చెబుతారు. ఎదురుగా వాలుగా పెట్టిన కేసు. అందులో గళ్లు, గడికో అక్షరం. ఎడమ చేతిలో స్టిక్కు. కుడి చెయ్యి చూడకుండానే గడి దగ్గరికి పోవాలి. ఒక్కో సీసపు ముక్క తీసి తలకిందులుగా, అద్దంలో చూసినట్టు పేర్చాలి. పేజీలు బిగించాలి, సిరా పూయాలి, కాగితం వేసి నొక్కాలి. ప్రూఫు చూడాలి. అచ్చు తీశాక ఆ పేజీ విప్పి, ప్రతి ముక్కనూ తిరిగి దాని గడిలో వెయ్యాలి, ఎందుకంటే తర్వాతి పేజీకి ఆ అక్షరాలే కావాలి.

గ్రీన్‌కు ఆ పనంతా వచ్చు, భాష రాదు. అర్థం తెలియని మాటను కూర్చేవాడికి అది వరుసగా పోయే అక్షరాల గుంపు మాత్రమే. అందులోనూ ఈ భాషలో మాటలు మహా పొడుగు. మనం ‘చేయించుకోలేకపోయాడు’ అని ఒకే మాటలో ఎన్ని సంగతులు ఇరికిస్తామో, వాళ్లు అంతకంటే ఎక్కువ ఇరికిస్తారు. ఒక అక్షరం జారితే మనిషి మారిపోతాడు, కాలం మారిపోతుంది, మా మన అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలకు అలవాటు లేని ఒక ధ్వని కోసం ఎలియట్ రెండు ‘ఓ’లను అతికించి ఒక కొత్త అక్షరం వాడాడు, పక్కపక్కన ఆనుకున్న రెండు సున్నాల్లా. ఆ గడి ఎక్కడుందో, ఆ అక్షరం ఎప్పుడు పడాలో వినికిడితో తెలిసిన మనిషి ఆ గదిలో జేమ్స్.

కాగితం మీద తర్జుమా సాగించడంలో ఎలియట్‌కు తోడు నిలిచినవాడు జోబ్ నెసుటన్. మసాచుసెట్ తెగవాడు. ఏళ్ల తరబడి అతను ఎలియట్ పక్కన కూర్చున్నాడు. 1655లో ఆదికాండం, మత్తయి మచ్చుకు అచ్చువేశారు. 1661లో కొత్త నిబంధన వచ్చింది, 1,500 ప్రతులు. పాత నిబంధన వారానికి సుమారు ఒక షీటు చొప్పున సాగింది. 1663లో పూర్తి బైబిలు వెయ్యికి పైగా ప్రతుల్లో బయటికొచ్చింది. పేరు ‘మముస్సె వున్నీటుపనటంవె అప్‌బిబ్లమ్ గాడ్’. సంపూర్ణమైన, పవిత్రమైన, దేవుడి పుస్తకం అని. అదే అమెరికాలో ఇంగ్లీషు బైబిలు పూర్తిగా అచ్చవడానికి 1782 దాకా ఆగాల్సి వచ్చింది.

పేరు పుటలో ఎలియట్ పేరుంది. గ్రీన్ పేరుంది, జాన్సన్ పేరుంది. జోబ్ నెసుటన్ లేడు. జేమ్స్ ప్రింటర్ లేడు. లండన్ నుంచి వచ్చిన డబ్బు లెక్క పద్దుల్లో ఉంది. ఆ భాష ఎవరి గొంతులోంచి వచ్చిందో పుస్తకంలో లేదు.

తెలుగువాళ్లం మనకు ఈ అచ్చు విలువ తెలియాలి. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1727కల్లా కొత్త నిబంధనను, 1732కల్లా బైబిలంతటినీ తెలుగు చేశాడు. అది అచ్చుకు నోచుకోలేదు. రాతప్రతి జర్మనీలోని హాలే చేరింది. సేరంపూర్ ప్రెస్సు నుంచి తెలుగు కొత్త నిబంధన 1818లో గానీ రాలేదు. తర్జుమా చేసినవాడుండీ, కూర్చే అక్షరాలూ చేతులూ లేకపోతే ఒక పుస్తకం పెట్టెలో ఎన్నేళ్లు పడుకుంటుందో మన బైబిలే సాక్ష్యం.

*

మళ్లీ 1675కు రావాలి.

ఆ ఏడాది మొదట్లో అసవామ్‌సెట్ చెరువు మంచు కింద జాన్ సాసమన్ శవం దొరికింది. ఎలియట్ దగ్గర చదువుకుని, బోధకుడై, కొన్నాళ్లు వాంపనోగ్ నాయకుడు మెటాకోమ్‌కు లేఖకుడుగా కూడా ఉన్నవాడు. హత్యానేరం మీద జూన్‌లో ముగ్గురు వాంపనోగ్‌లకు మరణశిక్ష విధించారు. ఆ నెలలోనే మెటాకోమ్ మనుషులు తిరగబడ్డారు. భూమి మీద ఎన్నో ఏళ్లుగా పేరుకున్న కోపం అది. ఇంగ్లీషువాళ్లు మెటాకోమ్‌ను కింగ్ ఫిలిప్ అనేవాళ్లు, యుద్ధానికీ ఆ పేరే పడింది. జులైలో జోబ్ నెసుటన్ ఇంగ్లీషువాళ్ల తరఫున పోరాడుతూ చనిపోయాడు. బైబిలు తర్జుమాకు ఎలియట్ పక్కన కూర్చున్నవాడు అలా పోయాడు.

జేమ్స్‌ను సెప్టెంబరులో కోర్టు నిర్దోషి అంది. అతను హస్సనమెసిట్‌కు తిరిగి వెళ్లాడు. నవంబరులో ఊరివాళ్లు మొక్కజొన్న కోసుకుంటుంటే మూడు వందల మంది నిప్మక్ యోధులు పొలాన్ని చుట్టుముట్టారు. మాతో వస్తే మీ ధాన్యం మీకే, రాకపోతే ధాన్యం మేం తీసుకుపోతాం, మీరు ఆకలితో చస్తారు. ఇంగ్లీషువాళ్ల దగ్గరికి పోతే మిమ్మల్ని ద్వీపంలో పడేస్తారు, లేదా బానిసలుగా దేశం దాటిస్తారు. ఇదీ వాళ్ల మాట.

మాట అబద్ధం కాదు. అక్టోబరు 30 అర్ధరాత్రి, పోటు కోసం కాచుకుని, నేటిక్ ఊరి క్రైస్తవ ఇండియన్లను పడవల్లో ఎక్కించి బోస్టన్ రేవులోని డీర్ ఐలాండ్‌కు తోలేశారు. చార్లెస్ నది ఒడ్డున ఎలియట్ నిలబడి వాళ్లతో ప్రార్థన చేశాడు. ఆపలేకపోయాడు. డిసెంబరుకల్లా ఆ ద్వీపంలో సుమారు ఐదు వందల మంది. చలి, గాలి, పైన కప్పు లేదు, తిండి నత్తలూ ఆల్చిప్పలూ. ఆ చలికాలంలో చాలామంది పోయారు. పట్టుబడ్డవాళ్లను బానిసలుగా అమ్మడం తప్పని ఎలియట్ ఆగస్టులోనే పాలకులకు అర్జీ పెట్టాడు. ఎవరూ వినలేదు. ఇక్కడ నేను ఎలియట్‌ను పూర్తిగా వదిలిపెట్టలేను. జుట్టు కత్తిరించుకోవాలనీ పాత బతుకు మార్చుకోవాలనీ నియమాలు పెట్టి క్రైస్తవ ఇండియన్ల ఊళ్లు కట్టించినవాళ్లలో ఆయనే మొదటివాడు. ఆ ఊళ్లవాళ్లు క్రైస్తవులైనందుకు అటువైపువాళ్లకు కానివాళ్లయ్యారు, ఇండియన్లైనందుకు ఇటువైపువాళ్లకు కానివాళ్లయ్యారు. కానీ ఆ అర్ధరాత్రి నది ఒడ్డుకు వచ్చిన ఇంగ్లీషు పాస్టరు కూడా ఆయనే.

జేమ్స్ యోధులతో వెళ్లాడు. ఆ పొలంలో నిలబడి అతను ఏమనుకున్నాడో నేను ఊహించుకుంటాను. ఆగస్టులో మెడకు పడిన తాడు రాపిడి ఇంకా ఆరి ఉండదు.

ఆ చలికాలం అతని చదువు మరో పనికి అక్కరకొచ్చింది. 1676 ఫిబ్రవరిలో లాంకాస్టర్ మీద దాడి జరిగింది. పాస్టరు భార్య మేరీ రౌలాండ్సన్‌ను బందీగా తీసుకెళ్లారు. ఆమె విడుదల కోసం ఇంగ్లీషువాళ్లతో నడిచిన ఉత్తరాల్లో లేఖకుడు జేమ్స్. మే 2న 20 పౌండ్లు తీసుకుని ఆమెను విడిచిపెట్టారు. ఆరేళ్ల తర్వాత ఆమె తన చెర గురించి రాసిన పుస్తకం కేంబ్రిడ్జిలో గ్రీన్ ప్రెస్సులోనే అచ్చయింది. ఆ పుస్తకానికి అక్షరాలు కూర్చిన చేతులు జేమ్స్‌వేనని పరిశోధకుల అభిప్రాయం. తన గురించి ఆమె రాసిన వాక్యాలను అతను ఒక్కో అక్షరంగా, అద్దంలో చూసినట్టు తిరగేసి పేర్చి ఉంటాడు.

1676 జూన్‌లో, లొంగిపోయేవాళ్లకు క్షమాభిక్ష అని ప్రకటన వచ్చింది. గడువు 14 రోజులు. జులై మొదట్లో జేమ్స్ వచ్చి లొంగిపోయాడు. మళ్లీ అక్షరాల కేసు ముందు నిలబడ్డాడు.

*

1680 జులైలో ఇద్దరు డచ్చి యాత్రికులు రాక్స్‌బరీ వచ్చి ఎలియట్‌ను కలిశారు. ఇండియన్ భాషలో బైబిలు ఒకటి కావాలన్నారు. ముసలాయనకు డెబ్బై ఐదు దాటాయి. యుద్ధంలో బైబిళ్లూ నిబంధనలూ అన్నీ పోయాయి, కాలిపోయాయి, దొరకడం లేదని చెప్పాడు. కొత్తగా అచ్చవుతోంది, కొత్త నిబంధన దాదాపు అయిపోయిందని కూడా చెప్పాడు. తర్వాత లోపలికి వెళ్లి పాతదొకటి వెతికి తెచ్చి ఇచ్చాడు.

వెయ్యికి పైగా వేసిన పుస్తకంలో ఇచ్చేందుకు ఒక్క ప్రతి వెతుక్కోవాల్సి వచ్చింది. అటువైపువాళ్లకు అది శత్రువు పుస్తకం, ఇటువైపువాళ్లకు శత్రువు భాష. రెండు వైపులా దిక్కులేనిదైంది.

అయినా ఎలియట్ మళ్లీ మొదలుపెట్టాడు, బాయిల్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1683లో రాసిన ఒక ఉత్తరంలో చెప్పిన సంగతి ఇది: ఈ షీట్లు కూర్చగలిగినవాడూ, అర్థం తెలిసి ప్రూఫులు దిద్దగలిగినవాడూ తమకు ఒక్కడే ఉన్నాడు, ఆ ఇండియన్ ప్రింటర్.

నా దృష్టిలో ఈ కథ అంతటికీ ఆయువుపట్టు ఆ ఉత్తరం. మన సంఘాల్లో బైబిలు ఆదివారం నాడు కానుక కవరు చేతికిస్తారు. లేఖనం లేని భాషల కోసం అంటారు. ఇవ్వాలి. ప్రపంచంలో ఏడు వేల దాకా భాషలున్నాయి, పూర్తి బైబిలున్నవి ఏడు వందల పైచిలుకు. కానీ ఇచ్చే చేతికి ఒక ప్రశ్న అడిగే హక్కు కూడా ఉంది: ఆ భాషలో పుట్టిన మనిషికి అక్కడ ఏం పని ఇచ్చారు? మాటలు అడిగి రాసుకుని పంపేశారా, లేక దిద్దే కలం అతని చేతికి, ఆమె చేతికి ఇచ్చారా? కూలి ముడుతోందా? పేరు వేస్తున్నారా? బయటి నుంచి వచ్చిన పండితుడు లేకపోతే పని ఆలస్యమవుతుంది. ఆ మనిషి లేకపోతే పనే ఉండదు. లండన్‌లో ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త ఉన్నాడు, రాక్స్‌బరీలో నలభై ఏళ్లు భాష చదివిన పాస్టరు ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఎదురుచూసింది ఎనిమిదేళ్ల కిందట జైల్లో పడేసిన ఒక నిప్మక్ కంపోజిటర్ కోసం.

1685లో రెండో కూర్పు వచ్చింది. 2,000 ప్రతులు. ఐదేళ్ల తర్వాత ఎలియట్ పోయాడు.

జేమ్స్ ఇంకా పని చేస్తూనే ఉన్నాడు. 1709లో బోస్టన్‌లో కీర్తనలూ యోహాను సువార్తా కలిపి ఒక పుస్తకం అచ్చయింది. తర్జుమా సరిచూసింది ఎక్స్‌పీరియన్స్ మేహ్యూ. మార్థాస్ వినియార్డ్ ద్వీపంలో పుట్టి, పసితనం నుంచీ వాంపనోగ్ పిల్లల మధ్య ఆ భాష మాట్లాడిన మనిషి. ఆ పుస్తకం పేరు పుటలో అడుగున ‘అప్‌ప్రింథొమున్నో’ అని ఒక మాట. వాళ్లు అచ్చువేశారు అని అర్థం. మధ్యలో ఉన్నది ఇంగ్లీషు ‘ప్రింట్’, ముందూ వెనకా తగిలినవి వాళ్ల భాష ప్రత్యయాలు. మనం ‘ప్రింటు చేయించాం’ అన్నట్టే. ఆ మాట పక్కన రెండు పేర్లు. బి. గ్రీన్, జె. ప్రింటర్.

పనిలో చేరిన యాభై ఏళ్లకు.

*

మూడో కూర్పు రాలేదు. ఇంత ఖర్చెందుకు, వాళ్లే ఇంగ్లీషు నేర్చుకుంటే పోతుంది అన్న వాదం గెలిచింది. కాటన్ మేథర్ వంటి పేరున్న పాస్టర్లే ఆ మాటన్నారు. అది ఈనాటికీ వినబడే మాట. మన ఏజెన్సీ ఊళ్లలో పిల్లల గురించి, వాళ్లకు తెలుగు వచ్చు కదా, ఇంకా కోయెందుకు, కువి ఎందుకు అనేవాళ్లను నేను విన్నాను. ఒక మనిషికి రెండో భాష అర్థమవడం వేరు, కష్టంలో నోటికి వచ్చే భాష వేరు.

కానీ ఆ పుస్తకం చేతికొచ్చిన తెగలు దాంతో చదవడం ఒక్కటే చేయలేదు, రాయడమూ నేర్చుకున్నాయి. వాంపనోగ్‌లు తమ భాషలో భూముల పత్రాలు రాసుకున్నారు, వీలునామాలు రాసుకున్నారు, ఆక్రమణలు ఆపమని పాలకులకు అర్జీలు పెట్టుకున్నారు. బైబిలు అంచుల్లో కూడా రాసుకున్నారు, ఇది నా పుస్తకం అని ఒకరు, సరిగ్గా చదవలేని దౌర్భాగ్యుణ్నని మరొకరు. మతం మార్చడానికి తెచ్చిన అక్షరాన్ని వాళ్లు తమ నేల కోసం నిలబెట్టుకున్నారు. నేల చాలావరకు పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో మాట్లాడేవాళ్లు ఒక్కొక్కరే పోయి, భాష కూడా నోళ్లలోంచి పోయింది. కాగితాలు మిగిలాయి.

1990ల మొదట్లో మాష్‌పీ వాంపనోగ్ తెగకు చెందిన జెస్సీ లిటిల్ డో బెయిర్డ్‌కు కలలు రావడం మొదలైంది. తనవాళ్లలా ఉన్న మనుషులు ఏదో భాషలో మాట్లాడుతున్నారు. అది ఏ భాషో తెలియలేదు. ఒకరోజు దారిలో ఒక ఊరి పేరు బోర్డు చూసింది. సిప్పెవిస్సెట్. కలలోని శబ్దాలు ఇవేనని అప్పుడు తెలిసింది. తన ముత్తాతల భాషే అది.

1993లో ఆమె భాషను తిరిగి తెచ్చే పని మొదలుపెట్టింది. భాషాశాస్త్రం చదవనిదే సాగదని ఎంఐటీలో చేరి, కెన్నెత్ హేల్ అనే మహాపండితుడి దగ్గర కూర్చుంది. వాళ్ల ముందు పత్రాలూ అర్జీలూ ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఆ బైబిలు. దాంతో ఒక సుళువు ఉంది. ఏ వాక్యం దేనికి తర్జుమానో ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీషును పక్కన పెట్టుకుని మాటకు మాట పోల్చుకోవచ్చు. ‘నూషున్’ చూసి ‘మా’కూ ‘మన’కూ తేడా పట్టుకోవచ్చు. ఆ పేజీలో ఒక అక్షరం జారి ఉంటే మూడు వందల ఏళ్ల తర్వాత ఈమెకు దారి తప్పేది. 1683లో ఎలియట్ బాయిల్‌కు రాసిన ఉత్తరంలో అర్థం తెలిసి దిద్దేవాడు అన్న మాట బరువు నాకు ఇక్కడ అర్థమైంది.

ఎలియట్ ఆ పుస్తకం ఎవరి కోసం అనుకున్నాడో ఆ తరం ఎప్పుడో పోయింది. అల్లినవాళ్ల మనవరాలికి ఆ బుట్ట దక్కింది.

2000లో ఆమె చదువు పూర్తయింది. 2004లో ఆమెకు కూతురు పుట్టింది. ఆ పిల్ల ఊయలలో విన్న భాష ఇదే. వందేళ్లు దాటాక ఈ భాషను తల్లిభాషగా నేర్చిన మొదటి బిడ్డ. 2016లో మాష్‌పీలో ఒక బడి తెరిచారు, ‘ముకయుహ్సక్ వీకు’, పిల్లల ఇల్లు అని. అక్కడ పిల్లలు రోజంతా ఆ భాషలోనే మాట్లాడుతారు, పాడుతారు, తగువులాడుతారు.

హార్వర్డ్ ఆవరణలో పురాతత్వవేత్తలు తవ్వినప్పుడు ఆ పాత ఇటుకల భవనం ఉన్న చోట మట్టిలో సీసపు అచ్చు అక్షరాలు కొన్ని దొరికాయి. చిన్న చిన్న ముక్కలు. అవి ఎవరి వేళ్లలోంచి జారాయో ఎవరు చెప్పగలరు?

ఎలియట్ అతికించిన ఆ రెండు ‘ఓ’ల అక్షరం ఇప్పటి కీబోర్డుల్లో లేదు. కొత్త లిపిలో దాని బదులు ఇంగ్లీషు ఎనిమిది అంకె వాడుతున్నారు, రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి నిలబడ్డట్టు. ఆ బడిలో పిల్లలు ‘నాన్న’ అని రాయాలంటే మధ్యలో ఎనిమిది వేస్తారు.